ఏజీ అసలు ఎవరి లాయరు? మాక్ ఇంటర్వ్యూలో బోల్తా పడ్డాను

కృష్ణాతీరం | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. గ్రూప్-1కి చదువుతున్నాను. నిన్న విజయవాడలో ఒక మాక్ ఇంటర్వ్యూకి వెళ్లాను. బోర్డులో కూర్చున్న పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "అటార్నీ జనరల్ ఎవరి లాయరు బాబూ?" అన్నారు. "భారత ప్రభుత్వానికి సార్, 76వ అధికరణ" అని టక్కున చెప్పాను. "సరే. ప్రభుత్వం తప్పు చేస్తోందని ఆయనకే తెలిసిపోయింది. కోర్టులో లేచి ఏమనాలి?" అన్నారు. అంతే, నోరు పెగల్లేదు.

గైడ్లలో ఈ పదవికి అర పేజీ కూడా ఇవ్వరు. అర్హత, నియామకం, పార్లమెంటులో మాట్లాడొచ్చు కానీ ఓటు లేదు, అయిపోయింది. ఈ పదవి ఎక్కడ పుట్టింది, ఎలా మారింది, ఎవరైనా ఎప్పుడైనా ప్రభుత్వానికి "కుదరదు" అన్నారా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఇంటికొచ్చి నాన్నతో ఏజీ గురించి అడిగారని చెబితే, "నా జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) స్లిప్పులో రెండు నెలల మినహాయింపు ఇంకా ఎక్కలేదు, ఆ ఏజీకి నేనే రాయాలి" అన్నారు.

సైఫాబాద్ పింఛనుదారు | సోమవారం రాత్రి 9:40

మీ నాన్నగారిది తప్పు కాదు బాబూ. మా తరం ప్రభుత్వ ఉద్యోగులకు ఏజీ అంటే అకౌంటెంట్ జనరలే. హైదరాబాద్‌లో ఆటో ఎక్కి "ఏజీ ఆఫీస్" అంటే తిన్నగా సైఫాబాద్ తీసుకెళ్లి దించుతాడు. ఇంకొకరు అడ్వొకేట్ జనరల్, హైకోర్టులో ఉంటారు. మూడోవారు ఢిల్లీలో అటార్నీ జనరల్. ముగ్గురూ ఏజీలే. మొదటాయన లెక్క తేలుస్తాడు, మిగతా ఇద్దరు వాయిదాలు అడుగుతారు. (కోపం తెచ్చుకోకండి లాయర్లూ.)

చరిత్రపిచ్చి | సోమవారం రాత్రి 11:05

పుట్టుక అడిగారు కాబట్టి ఇంగ్లండ్ నుంచి మొదలుపెట్టాలి.

"అటార్నీ" అనే మాట మనకు కొత్తేం కాదు. ప్లాటు కొన్న ప్రతివాడికీ జీపీఏ అంటే తెలుసు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. నా బదులు నువ్వు వెళ్లి సంతకం పెట్టు అని రాసిచ్చే కాగితం. అటార్నీ అంటే అంతే, ఒకరి స్థానంలో నిలబడేవాడు. "జనరల్" అంటే సైన్యంలో జనరల్ కాదు. ఒక్క కేసుకో ఒక్క కోర్టుకో కాకుండా అన్నిటికీ అని. రాజుగారు ఇచ్చిన జీపీఏ అనుకోండి, సగం అర్థమైనట్టే.

రాజుకు లాయరెందుకు? ఇంగ్లండ్‌లో కోర్టులన్నీ రాజు పేరు మీదే నడిచేవి. తన కోర్టులో తానే కక్షిదారుగా వచ్చి నిలబడటం కుదరదు. భూములు, బకాయిలు, హక్కుల మీద తగాదాలు మాత్రం బోలెడు. అందుకని 13వ శతాబ్దంలోనే రాజు తరఫున వాదించడానికి మనుషుల్ని పెట్టుకున్నారు. 1461 నాటికి "అటార్నీ జనరల్" అనే పేరు స్థిరపడింది.

మొదట్లో వాళ్లు రాజు మనుషులే, ఇందులో మొహమాటం లేదు. 1603లో వాల్టర్ రాలీ మీద రాజద్రోహం కేసు నడిపింది అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్. నిండు కోర్టులో ముద్దాయిని విషసర్పమని తిట్టాడు. విచిత్రం ఏమిటంటే, అదే కోక్ తర్వాత జడ్జి అయి, రాజు కూడా చట్టానికి లోబడాల్సిందేనని తెగేసి చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కుర్చీ మారితే మనిషి మారతాడా, మనిషిలో ఉన్నది బయటికొస్తుందా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

1614లో ఇంకో గొడవ. అటార్నీ జనరల్ ఫ్రాన్సిస్ బేకన్ అక్కడి పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో సభ్యుడిగా కూర్చోవచ్చా అని. రాజు మనిషి మా మధ్యలో ఎందుకని సభ్యుల అనుమానం. ఈసారికి సరే, ఇకముందు కుదరదు అన్నారు. కానీ ఆ శతాబ్దం పూర్తయ్యేలోపే ఆ పట్టు సడలింది. ఇప్పుడు అక్కడ అటార్నీ జనరల్ అధికార పార్టీ రాజకీయ నాయకుడే.

ఉప్పుకారం | మంగళవారం ఉదయం 7:20

అంటే 500 ఏళ్ల కింద రాజుగారి మనిషి, ఇప్పుడు పార్టీ మనిషి. మధ్యలో మారిందేమిటండీ? టీ చల్లారేలోపు ఎవరైనా చెప్పండి.

నల్లకోటు | మంగళవారం ఉదయం 8:02

మన దగ్గర మారింది. మన అటార్నీ జనరల్ మంత్రి కాదు, ఎంపీ కాదు, ప్రభుత్వోద్యోగి కూడా కాదు. (హైకోర్టులో ప్రాక్టీస్ చేస్తాను, కేసు పిలిచేలోపు రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.)

76వ అధికరణలో ఉన్నవి నాలుగే క్లాజులు. సుప్రీంకోర్టు జడ్జి కావడానికి అర్హత ఉన్నవారిని రాష్ట్రపతి నియమిస్తారు, అంటే కేబినెట్ చెప్పినవారిని. న్యాయ విషయాల్లో సలహా ఇవ్వడం, అప్పగించిన పనులు చేయడం ఆయన విధి. దేశంలో ఏ కోర్టులోనైనా నిలబడి వాదించే హక్కు ఉంది. రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలం పదవి. కాలపరిమితి లేదు, తొలగించడానికి అభిశంసన లాంటిదీ లేదు. చేతిలో రాజ్యాంగ పదవి, కాళ్లకింద జారే నేల.

జడ్జికి ఉన్న 65 ఏళ్ల గీత ఈయనకు లేదు. కె.కె.వేణుగోపాల్ 2017లో పదవిలోకి వచ్చేటప్పటికి 86 దగ్గర పడ్డాయి, 2022లో దిగేటప్పటికి 91. రాష్ట్రాల అడ్వొకేట్ జనరల్ విషయంలో ఇదే ప్రశ్న 1952లో నాగపూర్ హైకోర్టుకు వెళ్లింది. 60 దాటినవారిని వేశారు, చెల్లదు అని కేసు. రిటైర్మెంట్ వయసు జడ్జి పదవికే కానీ ఈ పదవికి కాదని కోర్టు తేల్చింది.

ప్రైవేటు ప్రాక్టీసు చేసుకోవచ్చు. కానీ భారత ప్రభుత్వానికి వ్యతిరేకంగా వకాల్తా పట్టకూడదు. క్రిమినల్ కేసులో ముద్దాయి తరఫున నిలబడాలన్నా, కంపెనీలో డైరెక్టర్‌గా చేరాలన్నా ప్రభుత్వం అనుమతి కావాలి.

ఇంకోటి, పరీక్షలో తరచూ బోల్తా కొట్టించేది. సొలిసిటర్ జనరల్, అంటే అటార్నీ జనరల్ తర్వాతి స్థానంలో ఉండే ప్రభుత్వ లాయరు, పేరు ఆ అధికరణలో ఉండదు. అది రూల్స్‌తో వచ్చిన పదవి. టీవీలో రోజూ కనిపించేది ఆయనే కాబట్టి జనం ఆయన్నే పెద్దాయన అనుకుంటారు.

పాత జీపీ | మంగళవారం మధ్యాహ్నం 1:15

గుంటూరు నుంచి. ప్రభుత్వ ప్లీడరుగా కొన్నేళ్లు చేసి, ఇప్పుడు మనవళ్లతో వాదిస్తున్నవాణ్ణి.

నల్లకోటు అమ్మాయి చెప్పిందంతా సరిగ్గా ఉంది. ఒక్కటి కలుపుతాను. మన దేశంలో అటార్నీ జనరల్ కంటే అడ్వొకేట్ జనరల్ పాతవాడు. కంపెనీ పాలనలోనే కలకత్తా, మద్రాసు, బొంబాయిల్లో అడ్వొకేట్ జనరల్ ఉండేవారు. 1813 చట్టం వాళ్లకు ఇంగ్లండ్ అటార్నీ జనరల్‌కు ఉన్నలాంటి అధికారాలు కొన్ని ఇచ్చింది. చాలాకాలం ఆ కుర్చీ తెల్లదొరలదే. మద్రాసులో భాష్యం అయ్యంగార్ 1897లో తాత్కాలికంగా ఆ కుర్చీలో కూర్చుంటే అదే ఓ పెద్ద వార్త. 1935 చట్టంతో ఢిల్లీలో అడ్వొకేట్ జనరల్ ఆఫ్ ఇండియా అనే పదవి వచ్చింది. బ్రజేంద్రలాల్ మిత్తర్ మొదటివారు. రాజ్యాంగం వచ్చాక కేంద్రంలో పేరు అటార్నీ జనరల్ అయింది, రాష్ట్రాల్లో పాతపేరే మిగిలింది, 165వ అధికరణగా.

మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన పేరు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. నెల్లూరు జిల్లా పూదూరు. తండ్రి పౌరోహిత్యం చేసేవారు. 1929 నుంచి 1944 వరకు మద్రాసు అడ్వొకేట్ జనరల్, తర్వాత అంబేద్కర్ అధ్యక్షతన రాజ్యాంగ ముసాయిదా కమిటీలో సభ్యుడు. ఆ కమిటీలోకి మొదట పై మిత్తర్ గారిని కూడా తీసుకున్నారు. ఆయన తప్పుకుంటే వచ్చినవారు బందరులో పుట్టిన న్యాపతి మాధవరావు. అంటే ఈ పదవి గురించి రాసినవాళ్లలో ఆ పదవి చేసి చూసినవాళ్లు ఉన్నారు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది. అల్లాడి 3న పోయారు.

కృష్ణాతీరం | మంగళవారం మధ్యాహ్నం 2:30

సార్, మీరు రాసిందంతా నోట్సులోకి ఎక్కించాను. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది. ప్రభుత్వానికి ఎదురుచెప్పినవాళ్లున్నారా? ఒక్క పేరైనా దొరికితే ఆ పెద్దాయన దగ్గరికి మళ్లీ వెళ్తాను.

చరిత్రపిచ్చి | మంగళవారం రాత్రి 10:48

ఉన్నారు. మొదటాయనే. ఎం.సి.సెతల్వాడ్. 1950 జనవరి నుంచి 1963 మార్చి వరకు, ఇప్పటిదాకా అంతకాలం చేసినవాళ్లు లేరు.

1957లో ఎల్‌ఐసీ సొమ్ము సుమారు కోటీ పాతిక లక్షలు హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలో పెట్టారు. మునిగిపోతున్న కంపెనీలు అవి. పార్లమెంటులో లేవనెత్తింది ఫిరోజ్ గాంధీ, ప్రధాని నెహ్రూ అల్లుడే. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి చాగ్లాతో ఏకసభ్య కమిషన్ వేశారు. విచారణ నలుగురి మధ్య బహిరంగంగా జరిగింది, జనం గుంపులుగా వచ్చారు. కమిషన్‌కు సహాయపడే బాధ్యత అటార్నీ జనరల్ సెతల్వాడ్‌ది. సాధారణంగా ప్రభుత్వ లాయరు అక్కడేం చేస్తాడు? సెక్రటరీ మీదికి తోసి మంత్రిని ఒడ్డున పడేస్తాడు. ఆయన అలా చేయలేదు. బాధ్యత ఆర్థికమంత్రి దాకా వెళ్తుందన్న వైపే నిలబడ్డారు. 1958 ఫిబ్రవరిలో టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు. పాత జీపీ గారు చెప్పిన ముసాయిదా కమిటీలో ఈ కృష్ణమాచారి కూడా సభ్యుడే. చూశారా ఎలా తిరిగి కలిసిందో!

ఆ తర్వాత సెతల్వాడ్‌ను తీసేశారా అంటే, లేదు. ఇంకో ఐదేళ్లు ఆయనే.

ఇంకో సంగతి. 1955లో మొదటి లా కమిషన్ వేస్తే అధ్యక్షుడు ఈయనే. అటార్నీ జనరల్‌గా ఉంటూనే, జడ్జీల నియామకాల్లో సిఫారసులు దూరుతున్నాయని ఆ కమిషన్ నివేదికలో కుండబద్దలు కొట్టారు.

ఉప్పుకారం | బుధవారం ఉదయం 6:55

నెహ్రూ ఊరుకున్నాడు కాబట్టి సెతల్వాడ్ నిలబడ్డాడు. అది సెతల్వాడ్ గొప్పా, నెహ్రూ గొప్పా? ఊరుకోని ప్రధాని ఉన్నప్పుడు ఏం జరిగిందో చెప్పండి. ఎమర్జెన్సీ కథ ఎవరూ ఎత్తడం లేదే?

నల్లకోటు | బుధవారం ఉదయం 8:31

ఎత్తుతాను. ఈ చర్చలో అన్నిటికంటే బరువైనది అదే.

1975 డిసెంబరు. ఏడీఎం జబల్‌పూర్ కేసు, ఐదుగురు జడ్జీలు. ఎమర్జెన్సీలో విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్లు హెబియస్ కార్పస్ (అక్రమంగా నిర్బంధించారు, మనిషిని కోర్టు ముందుకు తెండి అని వేసే పిటిషన్) వేసుకోవచ్చా లేదా అన్నది ప్రశ్న. ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ నిరేన్ డే. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21వ అధికరణ అమలు ఆపేశాం కాబట్టి కోర్టు తలుపు మూసుకున్నట్టే అని వాదన. అప్పుడు జస్టిస్ ఖన్నా అడిగారు: ఒక పోలీసు అధికారి సొంత పగతో ఒక మనిషిని చంపేస్తే, అప్పుడు కూడా పరిహారం లేదా?

నిరేన్ డే జవాబు: ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదు. మీ అంతరాత్మకు షాక్ తగలొచ్చు, నాదానికీ తగులుతోంది, కానీ నా వాదన ప్రకారం కోర్టులో ఏమీ చేయలేరు.

నేను లా చదివేటప్పుడు క్లాసులో మేడమ్ దీన్ని చదివి పుస్తకం మూసేసి, కిటికీ వైపు చూస్తూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. క్లాసులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కేసు పేరు మర్చిపోయినా ఆ ఫ్యాను చప్పుడు మర్చిపోలేను.

1976 ఏప్రిల్ 28న నలుగురు జడ్జీలు ప్రభుత్వం వైపు, ఖన్నా ఒక్కరే ఎదురు. తర్వాతి జనవరిలో సీనియారిటీ ప్రకారం ప్రధాన న్యాయమూర్తి కావాల్సిన ఆయన్ని పక్కనపెట్టి జస్టిస్ బేగ్‌ను వేశారు. ఖన్నా రాజీనామా చేశారు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు ఖరారుగా చెప్పడానికి 2017 దాకా, గోప్యత కేసు దాకా పట్టింది.

ఉప్పుకారం | బుధవారం ఉదయం 9:10

ఆయన చేసింది లాయరు పనే కదా. క్లయింటు చెప్పింది వాదించాడు. నిజం దాచలేదు కూడా, నాకూ షాకే అన్నాడు. జడ్జీలు కళ్లు తెరుస్తారని కావాలనే అంత దారుణంగా చెప్పాడని కూడా అంటారు. తప్పు తీర్పు రాసినవాళ్లది. పెళ్లిలో మంత్రం చదివిన పంతుల్ని కాపురం చెడిందని తిడతామా?

పాత జీపీ | బుధవారం మధ్యాహ్నం 12:40

ఉప్పుకారం గారూ, పోలిక కుదరలేదు. పెళ్లికి వయసు చాలని పిల్లను పీటల మీద కూర్చోబెడితే మంత్రం చదవనని లేచిపోయే పంతులు కూడా ఉంటాడు. ఎమర్జెన్సీలోనూ ఒకాయన లేచారు. ఫాలీ నారిమన్, అప్పుడు అదనపు సొలిసిటర్ జనరల్. ఎమర్జెన్సీ ప్రకటన వచ్చిన వెంటనే రాజీనామా పంపేశారు. మిగతావాళ్లు ఉండిపోయారు. అందరికీ ఒకే అవకాశం ఉంది, అదీ సంగతి.

మామూలు లాయరు ఒక కేసు వదులుకుంటే ఒక ఫీజు పోతుంది. వీరు వదులుకుంటే దేశానికి ఒక కబురు వెళ్తుంది. అందుకే వీరు వేరే.

నాగమల్లి_న్యూజెర్సీ | బుధవారం రాత్రి 8:20

ఇక్కడి సంగతి చెప్పనా. అమెరికాలో ఇదే పేరుతో పూర్తిగా వేరే జంతువు ఉంది. 1789లో పదవి పెట్టినప్పుడు మొదటాయన ఎడ్మండ్ రాండాల్ఫ్‌ది దాదాపు పార్ట్ టైమ్ ఉద్యోగం. జీతం చాలక సొంత ప్రాక్టీసు చేసుకునేవాడు, ఆఫీసు లేదు, శాఖ లేదు. న్యాయశాఖ పుట్టింది 1870లో. ఇప్పుడు ఎఫ్‌బీఐ సైతం ఆ శాఖ కిందే. మన లెక్కలో చెప్పాలంటే న్యాయమంత్రి, హోంమంత్రిలో కొంత, అటార్నీ జనరల్ కలిపి ఒకే మనిషి.

రాష్ట్రాల్లో ఇంకా తమాషా. 43 రాష్ట్రాల్లో అటార్నీ జనరల్‌ని జనమే ఓటేసి ఎన్నుకుంటారు. గవర్నర్‌ది ఒక పార్టీ, ఏజీది ఇంకో పార్టీ అయిన చోట్లు ఉన్నాయి. మా న్యూజెర్సీలో మాత్రం గవర్నరే వేస్తారు. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు టీవీలో రాష్ట్ర ఏజీలు ప్రెసిడెంటు మీదే కేసు వేశారని చూసి, "సర్కారు ప్లీడరు సర్కారు మీద కేసు వేయడమేమిటే?" అని నోరు తెరిచారు.

రాజీనామా కథ ఇక్కడా ఉంది. 1973 అక్టోబరు 20, శనివారం రాత్రి. వాటర్‌గేట్ కుంభకోణం దర్యాప్తు చేస్తున్న ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను తీసేయమని ప్రెసిడెంటు నిక్సన్ చెప్పాడు. అటార్నీ జనరల్ రిచర్డ్‌సన్ తీసేయనని రాజీనామా చేశాడు. కిందివాడూ ఒప్పుకోలేదు, ఆయనా పోయాడు. మూడో స్థానంలో ఉన్న సొలిసిటర్ జనరల్ బోర్క్ సంతకం పెట్టాడు.

ఉప్పుకారం | బుధవారం రాత్రి 8:34

చూశారా, ఎప్పుడూ మూడోవాడు ఒకడు దొరుకుతాడు.

చరిత్రపిచ్చి | బుధవారం రాత్రి 11:30

బ్రిటన్‌లో ఉల్టా కేసు. 1924లో ఒక కమ్యూనిస్టు పత్రిక సంపాదకుడి మీద పెట్టిన కేసును అటార్నీ జనరల్ హేస్టింగ్స్ వెనక్కి తీసుకున్నాడు. రాజకీయ ఒత్తిడితోనే అని గోల. మొదటి లేబర్ ప్రభుత్వం దాని మీదే కూలిపోయింది. ఆ తర్వాతే అక్కడ గట్టిపడిన పద్ధతి: కేసు పెట్టాలా వద్దా అన్నప్పుడు అటార్నీ జనరల్ మిగతా మంత్రుల అభిప్రాయం అడగొచ్చు, కానీ వాళ్లు ఆదేశించకూడదు. కాగితం మీద చాలా అందంగా ఉంటుంది.

నల్లకోటు | గురువారం ఉదయం 8:15

కృష్ణాతీరం గారూ, గైడ్లలో దొరకనిది ఇంకోటి చెప్తాను. ఈ పదవి వాదించడానికే కాదు, గుమ్మం దగ్గర నిలబడి లోపలికి పంపాలా వద్దా అని చూసే పని కూడా ఉంది. 1971 కోర్టు ధిక్కార చట్టం, సెక్షన్ 15. మామూలు మనిషి ఎవరి మీదైనా క్రిమినల్ ధిక్కారం కేసు వేయాలంటే సుప్రీంకోర్టులో అటార్నీ జనరల్ లేదా సొలిసిటర్ జనరల్, హైకోర్టులో అడ్వొకేట్ జనరల్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కోర్టు తనంతట తాను తీసుకుంటే వేరే సంగతి.

మనకు దగ్గరి ఉదాహరణ 2020. అప్పటి ఏపీ ముఖ్యమంత్రి ఒక సుప్రీంకోర్టు న్యాయమూర్తి మీద ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు, దాన్ని పత్రికలకు విడుదల చేశారు. ధిక్కారం కేసుకు అనుమతివ్వమని ఢిల్లీ లాయరు ఒకరు వేణుగోపాల్‌ను అడిగారు. పైకి చూస్తే ధిక్కారంగానే ఉందన్నారు, విడుదల చేసిన సమయం మీదా అనుమానం వ్యక్తం చేశారు. అయినా విషయం ప్రధాన న్యాయమూర్తి చేతిలో ఉంది కాబట్టి అనుమతి ఇవ్వనన్నారు. మళ్లీ అడిగితే మళ్లీ ఇవ్వలేదు. అదే ఏడాది లాయరు ప్రశాంత్ భూషణ్ మీది ధిక్కారం కేసులో కోర్టే దోషి అన్నాక కూడా, శిక్ష వేయొద్దని లేచి చెప్పిన అటార్నీ జనరల్ ఈయనే. చివరికి ఒక్క రూపాయి జరిమానాతో ముగిసింది.

ఉప్పుకారం | గురువారం ఉదయం 8:50

ఆహా, ఆ లేఖ సంగతి వచ్చింది కాబట్టి అసలు ఆ రోజుల్లో

[మిగతా భాగం తొలగించబడింది]

నిర్వాహకుడు | గురువారం ఉదయం 9:05

ఉప్పుకారం గారూ, పార్టీల గొడవకు వేరే విభాగం ఉంది. అక్కడ మీకు కుర్చీ ఎప్పుడూ వేసే ఉంటుంది. ఇక్కడ పదవి గురించే రాయండి.

సైఫాబాద్ పింఛనుదారు | గురువారం ఉదయం 10:22

నాదో సందేహం. అటార్నీ జనరల్ ప్రభుత్వానికి ఇచ్చే సలహా మనం సమాచార హక్కు కింద అడిగి తీసుకోవచ్చా? నేను మూడు ఆర్టీఐలు వేసినవాణ్ణి, అలవాటైన చేయి.

నల్లకోటు | గురువారం మధ్యాహ్నం 1:30

ప్రయత్నించారండీ. 2015లో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి అటార్నీ జనరల్ కార్యాలయం ఆర్టీఐ కిందికి వస్తుందన్నారు. 2017లో డివిజన్ బెంచ్ దాన్ని కొట్టేసింది. ప్రధానంగా సలహా ఇచ్చే మనిషి, లాయరుకూ క్లయింటుకూ మధ్య నమ్మకం ఉంటుంది అన్నది సారాంశం. చూడండి, ప్రశ్న మళ్లీ మొదటికే వచ్చింది. క్లయింటు మంత్రి అయితే సలహా మంత్రిది. క్లయింటు జనం అయితే సలహా మనది. బెంచ్ మొదటి దారి పట్టింది. నాకది నచ్చలేదు, తీర్పు తీర్పే.

పాత జీపీ | గురువారం రాత్రి 9:00

ఇక కిందిమెట్టు సంగతి. పైన ఉన్నవాళ్ల కథలు పుస్తకాల్లో ఉంటాయి, మావి ఉండవు.

అడ్వొకేట్ జనరల్ కింద ప్రభుత్వ ప్లీడర్లుంటారు, శాఖకొకరు చొప్పున. రిట్ పడగానే శాఖకు రాస్తాం, పేరావైజ్ రిమార్క్స్ పంపమని. అంటే పిటిషన్‌లో ఒక్కో పేరాకు మీ జవాబేమిటని. అవి వచ్చాక కౌంటర్ తయారవుతుంది. రానంతవరకు "ఇన్‌స్ట్రక్షన్స్ కోసం టైమ్ కావాలి మై లార్డ్" అన్నదే మా నిత్యపారాయణం. పింఛనుదారు గారు వాయిదాల మీద వేసిన చురక ఇక్కడిదే. తప్పు మాది కొంత, తహసీల్దారు ఫోనెత్తకపోవడం మిగతాది.

ఒకసారి భూసేకరణ కేసు. రైతు నష్టపరిహారం అందలేదని వచ్చాడు. శాఖ రిమార్క్స్‌లో "పరిహారం చెల్లించబడినది" అని ఒక లైను. ముందురోజు రాత్రి ఫైలు మొత్తం తిరగేశాను. అవార్డు (పరిహారం ఇంత అని తేల్చిన ఉత్తర్వు) ఉంది, నోటీసులున్నాయి, దారం కట్టిన పాత పహాణీలున్నాయి. డబ్బు ముట్టినట్టు సంతకం ఉన్న కాగితం ఒక్కటీ లేదు. రసీదు ఉండాల్సిన చోట ఫ్లాగ్ పెట్టి ఉంది, ఫ్లాగ్ కింద తెల్ల కాగితం. పొద్దున బెంచ్ మీద జడ్జిగారు "డబ్బు ఇచ్చారా?" అని సూటిగా అడిగారు. "రిమార్క్స్‌లో ఇచ్చామని ఉంది, ఫైల్లో రసీదు కనబడలేదు" అన్నాను. రెండే ముక్కలు. వెనక నిలబడ్డ ఆఫీసు మనిషి నా గౌను లాగాడు.

బయటికొచ్చాక చీవాట్లు తిన్నాను. మీరు ఎవరి తరఫు సార్, అన్నారు. కృష్ణాతీరం బాబూ, మీ పెద్దాయన అడిగిన ప్రశ్నే. ఆ రైతు మాత్రం నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. నేను అవతలి పక్షం ప్లీడర్ని కదా. నా పదవీకాలం అయిపోయాక పొడిగింపు రాలేదు. దీనివల్లే అని నేననను, ప్రభుత్వం కూడా మారింది ఆ మధ్య.

నాగమల్లి_న్యూజెర్సీ | గురువారం రాత్రి 9:25

సార్, రైతుకు డబ్బు వచ్చిందా?

పాత జీపీ | గురువారం రాత్రి 9:41

వచ్చిందమ్మా, వడ్డీతో. ఎన్నేళ్లకని మాత్రం అడగొద్దు.

చరిత్రపిచ్చి | గురువారం రాత్రి 11:15

ప్రభుత్వం మారడం అన్నారు కాబట్టి ఒక ముక్క. రాజ్యాంగ ముసాయిదాలో, ముఖ్యమంత్రి రాజీనామా చేస్తే అడ్వొకేట్ జనరల్ కూడా దిగిపోవాలి అన్న క్లాజు ఉండేది. చర్చలో తీసేశారు. పదవి రాజకీయాలతో ముడిపడకూడదనే అనుకోవచ్చు. కాగితం మీంచి తీసేశారు కానీ అలవాటు పోలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నికల ఫలితాలు రాగానే పేపర్లో వచ్చే తొలి రాజీనామాల్లో ఏజీది ఒకటి. 2019లో ఏపీలో, 2023లో తెలంగాణలో, 2024లో మళ్లీ ఏపీలో ఇదే చూశాం.

నల్లకోటు | శుక్రవారం ఉదయం 8:00

నిజమే. 2014 నుంచి 2018 చివరి దాకా ఇంకో వింత. రెండు రాష్ట్రాలకూ ఒకే హైకోర్టు, హైదరాబాద్‌లో. ఒకే భవనంలో ఇద్దరు అడ్వొకేట్ జనరల్స్. "ఏజీ గారు వస్తున్నారు" అంటే ఏ రాష్ట్రం ఏజీ అని అడగాల్సి వచ్చేది. 2019 జనవరి 1న అమరావతి హైకోర్టు వేరయ్యాక ఆ సందడి పోయింది. సగంమంది స్నేహితులు కూడా.

కృష్ణాతీరం | శుక్రవారం రాత్రి 9:50

అందరికీ దండాలు. ఈ రోజు ఆ పెద్దాయన దగ్గరికి మళ్లీ వెళ్లాను. సెతల్వాడ్, నిరేన్ డే ఇద్దరి సంగతీ చెప్పి, పాత జీపీ గారి రసీదు కథ కూడా చెప్పాను, పేరు లేకుండా. ఆయన విని, "ఆ ప్లీడరుకి పొడిగింపు వచ్చిందా?" అన్నారు. రాలేదన్నాను. "ఇంటర్వ్యూలో అది కూడా చెప్తావా?" అన్నారు. చెప్తానన్నాను. మార్కు ఎంత వేశారో చూపించలేదు.

నాన్న మాత్రం ఇదంతా విని, ఇంతకీ నా రెండు నెలల మినహాయింపు సంగతి ఆ ఫోరమ్‌లో అడిగావా అంటున్నారు.

సైఫాబాద్ పింఛనుదారు | శుక్రవారం రాత్రి 10:04

ఆ రెండు నెలల షెడ్యూలు ట్రెజరీ నుంచి అందకపోయి ఉంటుంది. వోచరు నంబరు, తేదీ వేసి పాత ఆఫీసు డీడీవో (జీతాల బిల్లులు పెట్టే అధికారి) ద్వారా రాయమనండి. ఖాతా నంబరు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా మెసేజ్ చేయండి.